విశాఖపట్నం మేయర్ ఓటును మనకు తిరిగి ఇవ్వండి

విశాఖ నగరమంతా ఒకే నియోజకవర్గంగా ఓటు వేసి, తన మేయర్‌ను తానే ఎన్నుకున్న కాలం ఒకటి ఉండేదని చెబితే ఇప్పటి యువ ఓటర్లలో చాలామంది నమ్మరు. 1987, 1995, 2000 సంవత్సరాలలో కార్పొరేటర్‌కు ఒక ఓటు, మేయర్‌కు మరొక ఓటు వేశాం. 2005లో చట్టాన్ని మార్చి ఆ రెండో ఓటును తీసివేశారు. దానితో పాటు ఊరంత విస్తీర్ణమున్న నియోజకవర్గం కూడా రద్దయింది. దాని గురించి ఆనాడు పెద్దగా ఎవరూ బాధపడలేదు, ఈనాడు ఎవరూ అడగడం లేదు. నాకు మాత్రం ఇది చిన్న విషయంగా తోచదు.

ఈ నగరం ఎన్నికల చరిత్రను కాస్త ఓపికగా చూడండి. 1979లో నగరపాలక సంస్థ ఏర్పడింది. 1981లో జరిగిన తొలి ఎన్నికలలో, అప్పటికి కొత్తగా పుట్టిన భారతీయ జనతా పార్టీ గెలిచి, ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మేయర్ అయ్యారు. రాష్ట్రంలో అప్పుడున్నది అంజయ్య గారి కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ ఎన్నిక కార్పొరేటర్ల ద్వారానే జరిగింది కనుక దానిని నా వాదనకు పూర్తి సాక్ష్యంగా తీసుకోను. అయినా ఈ ఊరి స్వభావం ఎలాంటిదో అక్కడే కొంత తెలుస్తుంది. 1987లో ప్రత్యక్ష ఎన్నిక వచ్చినప్పుడు, తరువాతి కాలంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అధ్యక్షత వహించిన న్యాయవాది డి.వి. సుబ్బారావు తెలుగుదేశం తరఫున గెలిచారు. అధికారంలో ఉన్నదీ ఆ పార్టీయే.

అసలు విశేషం 1995లో ఉంది. అంతకు కొద్ది నెలల ముందు, 1994 డిసెంబరులో, ఎన్.టి. రామారావు నాయకత్వంలో తెలుగుదేశం మిత్రపక్షాలను లెక్కించకుండానే 216 శాసనసభ స్థానాలు గెలుచుకుంది, కాంగ్రెస్‌కు ప్రధాన ప్రతిపక్ష హోదా కూడా దక్కలేదు. అంతటి ప్రభంజనం ఇంకా చల్లారకముందే విశాఖ ఓటర్లు కాంగ్రెస్‌కు చెందిన సబ్బం హరిని మేయర్‌గా ఎన్నుకున్నారు. 2000లో, 1999 విజయంతో చంద్రబాబు నాయుడు రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్న సమయంలోనే, మళ్లీ కాంగ్రెస్‌కు చెందిన రాజాన రమణిని ఎన్నుకున్నారు. ప్రజలు నేరుగా ఓటు వేసిన మూడు ఎన్నికలలో రెండుసార్లు రాష్ట్ర ప్రభుత్వానికి ఎదురు నిలిచిన పార్టీకే నగరం పట్టం కట్టింది. ఊరి సంగతి వేరు, రాష్ట్రం సంగతి వేరు అని ఓటరు అంత స్పష్టంగా లెక్క వేసుకున్నాడు.

ఇక కార్పొరేటర్లే మేయర్‌ను ఎన్నుకునే పరోక్ష పద్ధతి వచ్చిన తరువాత ఏమయిందో చూడండి. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2007లో 72 వార్డులకు ఎన్నిక జరిగి కాంగ్రెస్‌కు చెందిన పులుసు జనార్దనరావు మేయర్ అయ్యారు, రాష్ట్రంలోనూ కాంగ్రెసే. 2012 ఫిబ్రవరిలో ఆ పాలకవర్గం గడువు ముగిశాక తొమ్మిదేళ్లపాటు ఎన్నికలే లేవు, ప్రత్యేకాధికారులే ఏలారు. మధ్యలో, 2013లో, 1861 నాటి భీమునిపట్నం పురపాలక సంఘాన్ని, అనకాపల్లిని తెచ్చి ఇందులో కలిపారు. అంత పాత పురపాలక సంఘం ఇప్పుడు కొన్ని వార్డులుగా మాత్రమే మిగిలింది. 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నిక జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ 58, తెలుగుదేశం 30 గెలిచాయి. మేయర్ అవుతారని ప్రచారంలో వినిపించిన పేరు ఒకటి, చివరకు ఆ పదవిలో కూర్చున్న గొలగాని హరి వెంకట కుమారి పేరు మరొకటి. ఆమె అర్హతను నేను ప్రశ్నించడం లేదు. ఆమెను ఎంచుకున్నది ఓటరు కాదన్నదే నా అభ్యంతరం.

2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కార్పొరేటర్లు కొందరు పార్టీ ఫిరాయించాక, 2025 ఏప్రిల్ 19న మేయర్‌పై అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గింది, నెలాఖరులోపే తెలుగుదేశానికి చెందిన పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు. మధ్యలో కార్పొరేటర్లు చేజారకుండా పార్టీలు నడిపిన క్యాంపులు విదేశాల దాకా సాగాయని పత్రికలు రాశాయి. ఓటరు ఒక్కసారి కూడా పోలింగ్ కేంద్రానికి వెళ్లకుండానే నగర పాలన ఒక పార్టీ చేతి నుంచి మరొక పార్టీ చేతికి మారిపోయింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే చేస్తుంది కనుక ఇందులో ఒక పార్టీని తిట్టి ప్రయోజనం లేదు. ఫిరాయింపు మీద ఆగ్రహించే పార్టీలలో ఏదీ ప్రత్యక్ష ఎన్నికను తిరిగి తెస్తానని గట్టిగా పట్టుబట్టదు.

ప్రత్యక్ష ఎన్నికకు లోపాలు లేవని అనను. మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్‌లో మెజారిటీ మరొక పార్టీ అయితే బడ్జెట్ దగ్గర నుంచి ప్రతి తీర్మానమూ చిక్కులో పడుతుంది. పైగా కార్యనిర్వాహక అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది కనుక, ఎవరు ఎన్నుకున్నా మేయర్ చేయగలిగింది తక్కువేనని వాదించేవారున్నారు. ఆ మాట నిజమే. అయితే నగరమంతటి ఓటుతో వచ్చిన మనిషి కమిషనర్‌ను నిలదీస్తే ఉండే బరువు, క్యాంపు నుంచి బస్సులో వచ్చిన సభ్యులు చేతులెత్తితే గెలిచిన మనిషికి ఉండదు. మధ్యప్రదేశ్‌లో కమల్‌నాథ్ ప్రభుత్వం పరోక్ష పద్ధతి తెస్తే, తరువాతి బీజేపీ ప్రభుత్వం 2022లో మేయర్లకు ప్రత్యక్ష ఎన్నికను పునరుద్ధరించింది. ఆ ఎన్నికలోనే గ్వాలియర్ మేయర్ పదవిని ఆ బీజేపీయే కాంగ్రెస్‌కు కోల్పోయింది. ఇక్కడి ప్రభుత్వాలు భయపడేది సరిగ్గా దీనికే అని నా అనుమానం.

మళ్లీ వార్డు ఎన్నికలు వచ్చినప్పుడు మన వీధికి ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, మేయర్‌ను ఎన్నుకునే హక్కు మాకు తిరిగి ఇవ్వాలని మీ పార్టీ ఎన్నికల ప్రణాళికలో రాయిస్తారా లేదా అని అడగండి. నేనైతే ఆ ప్రశ్నకు జవాబు విన్న తరువాతే కాలువ సంగతి, చెత్త బండి సంగతి మాట్లాడదలచుకున్నాను.