కల్పన అనేస్తే సరిపోతుందా?

2010 మేలో ఫ్రాన్స్‌లోని కేన్స్ చిత్రోత్సవంలో ‘కార్లోస్’ సినిమా చూపించారు. నిడివి ఐదున్నర గంటలు. ఒలివియే అసాయస్ తీసిన ఈ చిత్రం ఫ్రాన్స్‌లో కెనాల్ ప్లస్ టీవీలోనూ మూడు భాగాలుగా వచ్చింది. కథానాయకుడు (ఆ మాట అనడానికే మనసొప్పడం లేదు) ‘కార్లోస్’ పేరుతో పేరుమోసిన ఉగ్రవాది ఇలిచ్ రామిరెజ్ సాంచెజ్. 1975 డిసెంబరులో వియన్నాలో ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల సంఘం) మంత్రులను బందీలుగా పట్టుకున్న ముఠాకు నాయకుడు. ఆ దాడిలో ముగ్గురు చనిపోయారు. అంతకు ఆరు నెలల ముందు పారిస్‌లో ఇద్దరు నిఘా అధికారులనూ, తన ముఠాలోని మనిషినీ కాల్చి చంపి పరారయ్యాడు. 1994లో సూడాన్‌లో దొరికాడు. సినిమా వచ్చేనాటికి అతను అనుభవిస్తున్న యావజ్జీవం ఆ మూడు హత్యలకే.

మరి అతని మీద ఉన్న మిగతా కేసుల లెక్క? 1982, 83లలో టులూజ్ రైల్లో, పారిస్ నడివీధిలో, మార్సెయ్ స్టేషన్లో, టీజీవీ అనే వేగ రైల్లో బాంబులు పేలి 11 మంది చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ కేసుల్లో కోర్టు విచారణ 2011లో గానీ మొదలవలేదు. సినిమా మాత్రం అంతకుముందే వచ్చేసింది!

పైగా తెలివిగా మొదట్లోనే ఒక ప్రకటన వేశారు. పరిశోధన చేసి తీశాం గానీ దీన్ని కల్పనగానే చూడాలట. కల్పనే అయితే అసలు పేరు ఎందుకు పెట్టారు? తేదీలు, ఊళ్లు, చనిపోయినవాళ్లు అన్నీ నిజమైనవే ఎందుకు? టికెట్లు అమ్మేటప్పుడు చరిత్ర, ప్రశ్నిస్తే కల్పన. ఈ రెండు నాల్కల ధోరణినే మేం తప్పుపడుతున్నాం.

కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి, సినిమా అతన్ని పొగడలేదు, డాంబికుడిగానే చూపించింది అని సమర్థకులు అంటున్నారు. కావచ్చు. కానీ ఐదున్నర గంటలు ఒకే మొహాన్ని చూపిస్తే ఆ మొహమే గుర్తుంటుంది. రైల్లో చనిపోయినవాళ్ల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? సినిమాను ముందుగా తనకు చూపించాలని కార్లోస్ జైలు నుంచే కోర్టుకెక్కాడు. అడగడానికి అతనికి లాయరున్నారు. బాధితుల కుటుంబాలను అడిగిందెవరు?

ఇదంతా ఎక్కడో ఫ్రాన్స్ గొడవ అనుకోవడానికి లేదు. 2010 మే 6న ముంబయి కోర్టు కసబ్‌కు ఉరిశిక్ష వేసింది. 2008లో ముంబయిపై అతని ముఠా ఉగ్రదాడి జరిగిన కొద్ది రోజులకే తాజ్ హోటల్‌కు అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ వెంట దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ వెళ్లారని దేశమంతా మండిపడింది. ఆ కోపం సబబైనదే. రేపు కేన్స్‌ను చూపించి ఎవరైనా కసబ్ మీద మూడు భాగాలు తీసి, ముందు ‘ఇది కల్పన’ అని రెండు లైన్లు వేస్తే ఏ మొహం పెట్టుకుని కాదంటాం?

కోర్టు ఇంకా వినని కేసును తెరకెక్కించి చప్పట్లు కొట్టించుకోవడం ధైర్యమేమీ కాదు. కెనాల్ ప్లస్‌కు కాస్త సిగ్గుంటే, ఆ భాగాలు వేసే ముందు ఆ 11 మంది పేర్లు తెర మీద చూపించాల్సింది. అందుకు ఒక్క నిమిషం కూడా పట్టేది కాదు.