అడక్కుండా పారేయడానికి ఆ షాకబ్జర్లు ఎవరి సొమ్మనుకున్నారు?

ఇంటికొచ్చి గంటన్నరైంది. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు, ఒళ్ళు మంట అసలే తగ్గలేదు. కడుక్కుని, కాఫీ తాగి, అప్పుడు రాస్తే మెత్తబడిపోతానని ఇలాగే కూర్చుని రాస్తున్నాను. ఫోను మీద మరకలు పడితే పడనీ.

నా బండి సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. 1975 ఎంజీబీ, ఇంగ్లండు వాళ్ళ చిన్న స్పోర్ట్స్ కారు, పచ్చ రంగు, గుడ్డ టాపుది. ఆరేళ్ళుగా మిషిగన్ ట్రాయ్‌లో మా ఇంటి గ్యారేజీలో దాన్ని పసిపిల్లని సాకినట్టు సాకుతున్నాను. సస్పెన్షన్ పని ఒక్కడి వల్ల అయ్యేది కాదని ఓ షెడ్డుకి ఇచ్చాను. పేరు రాయను. చెయ్యాల్సిన పనులు మూడూ కాగితం మీద రాసి చేతికిచ్చాను. ముందు చక్రాల్ని పట్టుకునే విష్‌బోన్ చేతులకి, వాటి కీళ్ళలో అరిగిపోయిన రబ్బరు బుష్‌లు పీకేసి, ఎంజీబీలోనే వీ8 ఇంజను మోడల్‌కి వాడిన ఇనుప గొట్టం ఉండే బుష్‌లు వెయ్యండి. ముందుకి యాంటీ రోల్ బార్, అంటే మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగకుండా పట్టే కడ్డీ, వెయ్యండి, ముప్పావు అంగుళం మందంది, లింకులూ బ్రాకెట్లతో సహా నేనే కొనిచ్చాను. బండిని ఓ అంగుళం దించండి, ముందు పొట్టి స్ప్రింగులతో, వెనక కొత్త కమాన్ పట్టీలతో. ఆ పట్టీలు కూడా నేనే కొని డిక్కీలో పెట్టిచ్చాను. అంతే. నాలుగో పని లేదు.

పొద్దున వెళ్ళి వంగి కిందకి చూస్తే వెనక నా షాకబ్జర్లు లేవు. వాటి బదులు ఎర్రగా మెరిసే గ్యాస్ షాకబ్జర్లు రెండు, గొట్టాల్లాంటివి, బిగించి ఉన్నాయి. నావి ఏవని అడిగాను. "ఆ పాత డబ్బాలా? స్క్రాప్‌లో వేసేశాం. మంగళవారం లారీ వచ్చి ఎత్తుకెళ్ళింది. నీకు అప్‌గ్రేడ్ చేశాం కదా" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు!

అవి పాత డబ్బాలు కావు. ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ షాకబ్జర్లు. బండితో పాటు ఫ్యాక్టరీలో పుట్టినవి. ఇటుకంత బరువుండే పోత డబ్బా, దానికో ఉక్కు చెయ్యి. ఇరుసు ఎగిరినప్పుడల్లా ఆ చెయ్యి తిరుగుతుంది, లోపల పిస్టన్లు నూనెని సన్నటి వాల్వు సందులోంచి తోస్తాయి, ఎగురుడు అణిగిపోతుంది. పోయిన ఏడాదే వాటిని విప్పి పంపించి, కొత్త సీళ్ళు, కొత్త బుష్‌లు వేయించి, రంగు కూడా కొట్టించి తెచ్చుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని నొక్కితే వెన్నలోకి గరిటె దిగినట్టు, ఎక్కడా తడబడకుండా, ఒకే బరువుతో కదిలేది. ముందువి కూడా పారేసేవాళ్ళే, కాకపోతే ఎంజీబీలో ముందు షాకబ్జర్ చెయ్యే పైన విష్‌బోన్. దాన్ని పీకితే చక్రం నిలబడదు. అందుకని అవి మిగిలాయి.

గ్యాస్ షాకబ్జర్లు చెడ్డవని నేననను. రేసులకెళ్ళేవాళ్ళు వేసుకుంటారు, వాళ్ళ లెక్క వేరు. నేను అడగలేదు. నా కాగితంలో లేదు. పైగా వాటి కూలి కూడా నా బిల్లులోనే వేశారు. మొత్తం రెండు వేల పైచిలుకు డాలర్లు.

బండి తీసుకుని బయల్దేరాను. మిషిగన్‌లో చలికాలం పోయాక రోడ్లు ఎలా ఉంటాయో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, గడ్డకట్టి, ఉబ్బి, కరిగి, తారు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయి ఉంటుంది. రెండో మైలు దాటకముందే ఓ గొయ్యి. దబ్! వెన్నుపూస మీద సుత్తితో కొట్టినట్టైంది. తర్వాత మలుపులో చిన్న గతుకు వస్తే బండి వెనక భాగం పక్కకి జానెడు గెంతింది. ముప్పై మైళ్ళ వేగం కూడా లేదు. పాత అరిగిపోయిన బుష్‌లతో కూడా ఏనాడూ అలా చెయ్యలేదు.

ఇంటికి తెచ్చి ర్యాంపుల మీదకి ఎక్కించి కిందకి దూరాను. నేను కొనిచ్చిన కమాన్ పట్టీలు డిక్కీలో అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి. పాత బోల్టులు తుప్పు పట్టి రాలేదట, అందుకని పాత పట్టీలు అలాగే ఉంచి, ఇరుసుకీ పట్టీకీ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి బండిని దించేశారు. యాభై ఏళ్ళకి చతికిలబడ్డ పట్టీల మీద మళ్ళీ దిమ్మలు. ఇరుసుకీ పైన ఉండే బంప్ రబ్బరుకీ మధ్య సందులో నా బొటనవేలు పెట్టి చూశాను. పట్టలేదు. ఇంక ఆ చక్రం పైకి ఎక్కడికి పోతుంది? గొయ్యి తగలగానే ఇరుసు వెళ్ళి రబ్బరుకి కొట్టుకుంటుంది, బండి మొత్తం పైకి లేస్తుంది, ఆ క్షణంలో టైరుకి నేల ఆనదు. మలుపులో అదే జరిగితే పక్కకి గెంతక ఏం చేస్తుంది?

జనాలకి ఇది ఎప్పటికి అర్థమవుతుంది? బండి మలుపుల్లో మాట వినడమే హ్యాండ్లింగ్. గట్టిగా ఉంటే హ్యాండ్లింగ్ కాదు. నేలకి ఆనించి కూర్చోబెడితే హ్యాండ్లింగ్ కాదు. ఫోటోలో బాగుంటుంది, నిజమే. రోడ్డు మీద చక్రం పైకీ కిందకీ ఆడాలి, ఆడుతూ నేలని వదలకుండా ఉండాలి. అందుకోసమే స్ప్రింగు, అందుకోసమే షాకబ్జరు.

ఇంకోటి చూశాను. ముందు కింది విష్‌బోన్ల నట్లు. ఆ బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, విష్‌బోన్ కదిలినప్పుడు రబ్బరే మెలి తిరిగి ఒప్పుకుంటుంది. అందుకని చక్రాల మీద బండి బరువు పడ్డాకే ఆ నట్టు ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడిపోయి అలాగే నిలబడుతుంది. బండి ఎత్తు తప్పుతుంది, రబ్బరు త్వరగా చిరుగుతుంది. నేను పానా పట్టి ఎడమ వైపు నట్టు అర చుట్టు వదులు చేశానో లేదో, టక్‌మని బండి ముక్కు వేలి మందం కిందకి దిగింది. నా మొహం మీదే దిగింది. లిఫ్టు మీద గాల్లో పెట్టి బిగించేసి చేతులు దులుపుకున్నారన్నమాట. కుడి వైపూ అంతే.

అసలు ఈ బండి ఇన్ని తిప్పలు పడాల్సిన బండే కాదు. 1962లో ఇంగ్లండులో ఎంజీ వాళ్ళ ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో ఇంజనీరు సిడ్ ఎనెవర్, ఆయన మనుషులు తయారు చేసినప్పుడు అది ఎంత పొందిగ్గా ఉండేది! ముందు విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు, వెనక మామూలు కమాన్ పట్టీలు. అంత సాదా సామానుతోనే మలుపుల్లో చెప్పిన మాట వినేది. ఆ తర్వాత అమెరికాలో బంపర్ల రూల్సు వచ్చాయి, లైట్ల ఎత్తు రూల్సు ఉన్నాయి. 1974 చివర్లో, అప్పటికి ఎంజీని నడిపిస్తున్న బ్రిటిష్ లేలాండ్ కంపెనీ ఏం చేసింది? ముందూ వెనకా నల్లటి రబ్బరు బంపర్లు తగిలించింది, బరువు పెంచింది. లైట్ల ఎత్తు సరిపోవడానికి బండి ముందు భాగం మార్చకుండా బండినే అంగుళం పైచిలుకు పైకి లేపేసింది. బరువూ పెరిగి, ఎత్తూ పెరిగిన బండికి యాంటీ రోల్ బార్ ఇంకా అవసరం కదా! ఖర్చు కలిసొస్తుందని 1975లో ఆ ముందు బార్ కూడా పీకేసింది. కావాలంటే విడిగా డబ్బు కట్టుకోవాలి. 1977 మోడల్ వచ్చేసరికి బుద్ధొచ్చి ముందూ వెనకా రెండు బార్లు వేసింది. 1980లో ఫ్యాక్టరీయే మూతపడింది. మధ్యలో 1975లో కొన్నవాళ్ళ గతేంటి? నాది ఆ ఏడాది బండే. మలుపు తిరిగితే గడ్డి బండి ఒరిగినట్టు ఒరుగుతుంది. నేను ఆ షెడ్డువాళ్ళని అడిగింది కొత్త వింతలు కాదు. యాభై ఏళ్ళ కిందట దాని దగ్గర్నుంచి గుంజుకున్నది దానికి తిరిగి ఇవ్వమన్నాను.

ఉగాది పార్టీలో ఒకాయన "ఆ డబ్బుతో కొత్త కారుకి డౌన్ పేమెంటు వచ్చేది కదండీ" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయనకి ఏం చెప్పాలో ఇప్పుడు చెప్తాను.

ఈ ఎంజీబీలో ఉన్నది బీ సిరీస్ ఇంజను, 1798 సీసీ. మన అంబాసిడర్ పెట్రోలు బండిలో ఉండేదీ అదే బీ సిరీస్, 1489 సీసీ. ఇది తోబుట్టువు. మోరిస్ ఆక్స్‌ఫర్డే అంబాసిడర్ అయింది, మోరిస్ గ్యారేజెస్సే ఎంజీ అయింది. ఒకే ఇంటి పిల్లలు. మొదటిసారి ఈ బండి బానెట్ ఎత్తి చూసినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే ఆ ఇంజనుని నేను పదేళ్ళప్పుడే చూశాను. నాన్నగారిది 1982 మార్క్ 4. విజయవాడ స్టేషన్ దగ్గర టాక్సీ స్టాండులో ఉండేది. ఆ బండి మీదే మా అక్క పెళ్ళి, నా చదువు. శ్రీశైలం ట్రిప్పు పడితే ముందురోజు ఆటోనగర్ తీసుకెళ్ళి కింద సామాను మొత్తం చూపించేవారు. దోర్నాల దాటాక ఘాట్‌లో ఆ మలుపుల్లో వెనక సీట్లో ఎవరి పిల్లలున్నారో, వాళ్ళు నా పిల్లలతో సమానం అనేవారు.

ఆటోనగర్ మేస్త్రీ చదువుకోలేదు. కమాన్ పట్టీల బుష్‌లు మార్చాక జాకీ దించేసి, ఇద్దరు కుర్రాళ్ళని వెనక సీట్లో కూర్చోమనేవాడు. వాళ్ళు కూర్చున్నాకే కింద పడుకుని ఆఖరి బిగింపు బిగించేవాడు. ఆ కూర్చున్న కుర్రాళ్ళలో నేనొకణ్ణి. ఎందుకు బాబాయ్ అనడిగితే "బరువు మీద బిగిస్తే బుష్షు బతుకుద్దిరా" అన్నాడు. వేల డాలర్ల లిఫ్టులు పెట్టుకున్న షెడ్డుకి ఈ ఒక్క ముక్క తెలీదు. పాత బుష్షు కూడా నాన్నగారికి చూపించి, ఆయన సరే అన్నాకే పక్కన పడేసేవాడు.

నాన్నగారు పోయాక ఏడాది తిరక్కముందే ఆ బండి పోయింది. నేను ఇక్కడే ఉన్నాను. ఓ ఫోను కొట్టి అడగడానికి ఎంత సేపు పడుతుంది? నేను సంక్రాంతికి వెళ్ళేసరికి ఇంటి దగ్గర బండి షెడ్డు కింద చతురస్రంగా ఓ నూనె మరక ఉంది. "చోటు అడ్డంగా ఉందిరా, తూకానికి ఇచ్చేశాను" అన్నారు మా బావగారు. తూకానికి! ఇంజను నడుస్తూనే ఉంది. బావగారూ, ఈ పోస్టు మీరు చదువుతారని నాకు తెలుసు. చదవండి. నలుగురిలో మీ మీద ఒక్క మాట ఎప్పుడూ తూలలేదు, అక్క మొహం చూసి ఊరుకున్నాను. కానీ మర్చిపోలేదు. మీకు అది ఇనుము. ఆ స్టీరింగు మీద ఎడమ చేతి వైపు మా నాన్న బొటనవేలు అరగదీసిన గుంట ఉండేది. ఆ స్టీరింగు ఒక్కటన్నా విప్పి ఉంచి ఉంటే చాలు, ఇంకేమీ అడిగేవాణ్ణి కాదు.

పొద్దున ఆ షెడ్డువాడు "పాత డబ్బాలు" అన్నప్పుడు నాకు వినపడింది ఆ మాటే. అందుకే చేతులు వణికాయి, వాడితో సరిగ్గా పోట్లాడలేకపోయాను కూడా.

మిగిలింది గ్రీజు గన్ను. నాన్నగారిది. పిడి మీద పచ్చ రంగు పోయి ఇనుము తేలిన చోట ఆయన అరచెయ్యి సరిగ్గా పడుతుంది, ఇప్పుడు నాదీ పడుతుంది. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. ఎంజీబీ ముందు చక్రాలు స్టీరింగుతో తిరిగే కింగ్ పిన్నులకి ఒక్కో వైపు గ్రీజు ఎక్కించే నిప్పిళ్ళు మూడేసి, చక్రం గాల్లోకి లేపి దాంతోనే కొడతాను. ఇందాక కూడా కొట్టాను, ఎందుకంటే అది వాళ్ళు ముట్టుకోలేదు. పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది, నాలుగు నొక్కులు నొక్కాక కొత్తది బయటికొచ్చింది.

రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ స్క్రాప్ యార్డుకి వెళ్తున్నాను. మంగళవారం లారీ, ఇవాళ శుక్రవారం. ఇంకా నలగ్గొట్టకుండా ఉంటే కుప్పలోంచి నా చేతులతో నేనే ఏరుకుంటాను. బుష్‌ల నట్లు ఇవాళ రాత్రికే బరువు మీద మళ్ళీ బిగిస్తాను. దిమ్మలు పీకేసి కొత్త పట్టీలు వచ్చే వారం ఎక్కిస్తాను, తుప్పు బోల్టు రాకపోతే కోసేసి తీస్తాను. ఆగస్టులో వుడ్‌వార్డ్ రోడ్డు మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్‌కి ఈ బండి సరిగ్గా నడుస్తూ వెళ్ళాలి.

యార్డులో దొరక్కపోతే మీ సాయం కావాలి. మిషిగన్, ఒహాయో, ఇండియానా వైపు ఎవరి గ్యారేజీలోనైనా, ఎవరి స్నేహితుల షెల్ఫు మీదైనా ఎంజీబీ వెనక లీవర్ షాకబ్జర్ల జత ఉంటే చెప్పండి. ఎడమదీ కుడిదీ రెండూ కావాలి. నూనె కారుతున్నా ఫరవాలేదు, చెయ్యి బిగుసుకుపోయినా ఫరవాలేదు, రీబిల్డ్ చేయించుకుంటాను. నేనే వచ్చి తీసుకెళ్తాను. నేనొచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి.