నోటీసు బోర్డుకు ఫొటో తీయమన్న పెద్దమనిషికి

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ నా ఫోనుకు రావడం ఇది ఏడోసారి. పొద్దున బందరు కాలువ గట్టున నాతో నడిచే మిత్రుడు పంపాడు, అపార్ట్‌మెంటు గ్రూపులో ఇద్దరు పంపారు, చివరికి గుంటూరు నుంచి మా బావగారు కూడా పంపారు. "విలువల రాజ్యం: అయిదు నిజాలు." ఎక్కువమంది మతం ఏదైతే దాని విలువలే చట్టాలు కావాలట, వ్యక్తి స్వేచ్ఛ దిగుమతి సరుకట. ఊరుకుందామనుకున్నాను. నాలుగో నిజం ఊరుకోనివ్వలేదు.

నేను నాస్తికుణ్ణి కాను. దసరాల్లో మూలా నక్షత్రం రోజున తెల్లవారకముందే ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడేవాణ్ణి. ముద్ర పట్టుకుని ఎదురుచూసే వారి కోసం ముందే చెబుతున్నాను.

మొదటి నిజం: "సెక్యులర్ అన్న మాటను 1976లో ఎమర్జెన్సీ చీకట్లో చేర్చారు." చేర్చారు, కాదనను. కానీ అంతరాత్మ స్వేచ్ఛను రాజ్యాంగంలోని 25వ అధికరణం 1950 నుంచే ఇస్తోంది. రాజ్యాంగ మౌలిక లక్షణాల్లో లౌకిక స్వభావం ఒకటని 1973లోనే సుప్రీంకోర్టు కేశవానంద భారతి కేసు తీర్పులో రాశారు. 1976లో జరిగింది ఇరవయ్యారేళ్ళ కొడుక్కి బారసాల. దాన్ని చూపించి బిడ్డే పుట్టలేదంటే ఎలా? పైగా ఆ స్వేచ్ఛ మతాలకు ఇచ్చింది కాదు, మనుషులకు.

రెండోది: "రాజకీయాల్లో మతం ఉండాలని గాంధీగారే అన్నారు." అన్నారు. ఆ గాంధీగారే మన విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాగారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో సేవాగ్రామంలో పెళ్ళి జరిపించడానికి ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం అంటే చాలన్నారు. ఆయన పోయాక 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. ఈ గాంధీని కూడా ఫార్వర్డ్ చేస్తారా?

మూడోది నాసా గురించి. పాపం నాసా.

ఇక నాలుగోది. "వేరే మతంవారితో పెళ్ళికి తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి చేయాలి. అంతవరకు రిజిస్ట్రార్ కార్యాలయాల నోటీసు బోర్డులకు ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టండి. మిగతాది సమాజం చూసుకుంటుంది."

ఏమి చూసుకుంటుందండీ సమాజం?

ఆ బోర్డు నేను చూశాను. మిత్రుడి కూతురి పెళ్ళికి ముగ్గురు సాక్షుల్లో ఒకణ్ణి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముందు నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి. పెళ్ళినాటికీ ఆ కాగితం అక్కడే ఉంది. ఒక పిన్ను ఊడి, మూల గాలికి కొట్టుకుంటోంది. పేరు, వయసు, వృత్తి, ఇంటి చిరునామా, అన్నీ ఉన్నాయి. ఆ ముప్పై రోజులూ ఫోను మోగితే చాలు, పిల్ల ఉలిక్కిపడేదట.

అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు, నిజమే. వయసు చాలకపోయినా, మొదటి పెళ్ళి ఉన్నా, వరస కాకపోయినా, సమ్మతి చెప్పే మానసిక స్థితి లేకపోయినా చెప్పవచ్చు. "మా మతం కాదు" అన్నది ఆ జాబితాలో లేదు. అర్థంలేని అభ్యంతరం తెచ్చినవారి నుంచి వెయ్యి రూపాయల దాకా పరిహారం ఇప్పించవచ్చని మాత్రం ఉంది. వసూలు మొదలుపెడితే మా గ్రూపు ఒక్కటే బోలెడంత సమర్పించుకోవాలి. ఇద్దరు వయోజనులు ఇష్టపడ్డాక కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది కూడా.

మీ అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు జాతకం పక్కింటివారి కంట కూడా పడనివ్వరే! ఎవరి పిల్లదో చిరునామా మూడు వందల మందికి పంపడం ఏ విలువ?

అయిదోది: "గుళ్ళను మాత్రమే ప్రభుత్వం నడుపుతోంది." వక్ఫ్ ఆస్తులకూ చట్టం ఉంది కాబట్టి "మాత్రమే" చెల్లదు. మిగతా మాటకు నా దగ్గర జవాబు లేదు. 1987 దేవాదాయ చట్టం ఉంది, అమ్మవారి గుడికి ఈవోను ప్రభుత్వమే వేస్తుంది, ప్రభుత్వం మారితే పాలకమండలీ మారుతుంది. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తలపై పెట్టుకుని వస్తుంటే, మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలనే నేనే మెడ సాచి చూసి ముచ్చటపడ్డాను.

ఈ ఒక్కటీ విడిగా రాసి పంపండి, బావగారూ. నేనూ సంతకం చేస్తాను.