సవరణ: అండమాన్ ఓడ ఎవరిది?

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) వెళ్లే ప్రయాణికుల ఓడను విశాఖ పోర్టే నడుపుతుందని, టికెట్ల రాబడితోనే దాని ఖర్చు గడుస్తుందని గత వారం రాశాను. రెండూ తప్పే, సరిచూసుకోకపోవడం నా పొరపాటు. అధికారిక సమాచారం ప్రకారం ఆ సర్వీసు అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగపు నౌకాయాన విభాగానిది. పోర్టు బెర్తు (ఓడ ఆగే చోటు) మాత్రమే ఇస్తుంది. ఈ మార్గంలో తిరిగిన స్వరాజ్ ద్వీప్ అనే ఓడ విశాఖలోని మన హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది కనుక, ఓడ కూడా మనదేనని అనుకున్నానేమో. ద్వీపవాసులకు ఇతరులకంటే తక్కువ ధరకే టికెట్టు ఇస్తారు. ఇంధనం, సిబ్బంది, డ్రైడాక్ (నీళ్లు తోడేసి ఓడను బాగుచేసే రేవు) మరమ్మతుల ఖర్చులో టికెట్ల డబ్బు పోగా మిగిలిన భారాన్ని ప్రభుత్వ నిధులే మోస్తాయి. దీన్ని నష్టమనడం కంటే, ద్వీపాలకు దారి తెరిచి ఉంచడానికయ్యే ఖర్చు అనడమే సబబని నా అభిప్రాయం.