స్కాచ్ ఎగ్ తింటే భోజనమా, కాదా?

లాక్‌డౌన్ కష్టం ఎలాగో భరించొచ్చు, ఆ రూల్సే ప్రాణం తీశాయి. 2020 సెప్టెంబరు 14 నుంచి ఇంగ్లండ్‌లో ఆరుగురికి మించి కలవకూడదన్నారు. చంటిపిల్లా ఒక లెక్కే! మొగుడూపెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఊరినుంచొచ్చిన అమ్మానాన్న ఒకే ఇంట్లో ఉంటే కోటా సరి, ఇక ఎవర్నీ కలవడానికి లేదు. పక్కనున్న స్కాట్లండ్, వేల్స్ మాత్రం చిన్నపిల్లల్ని లెక్కలోంచి తీసేశాయి. సరిహద్దు దాటితే వైరస్‌కి పిల్లలంటే ముద్దొస్తుంది కాబోలు.

పది రోజులకే పబ్బులన్నీ రాత్రి 10కి మూయాలన్నారు. అంతవరకూ ఒక్కొక్కరుగా ఇంటికెళ్లే జనం ఒకేసారి రోడ్డుమీద పడ్డారు. బస్టాపుల్లో గుంపులు. ఇదెవరికీ ముందే తట్టలేదా?

డిసెంబరులో ఇంకో వింత. టియర్ 2 (కరోనా ఆంక్షల్లో రెండో మెట్టు) ప్రాంతాల్లో మందు కావాలంటే పబ్బులో 'గట్టి భోజనం' చెయ్యాలి. ఎంత తింటే గట్టి భోజనమో సరిగ్గా చెప్పినవాడు లేడు. స్కాచ్ ఎగ్ సరిపోవచ్చన్నాడు మంత్రి జార్జ్ యూస్టిస్. అంటే ఉడికిన గుడ్డుకి సాసేజ్ మాంసం చుట్టి, బ్రెడ్‌పొడి అద్ది వేయించినది, మన ఎగ్ బోండాకి దూరపు చుట్టం. ఇంకో మంత్రి మైకేల్ గోవ్ మర్నాడు ముందు అది స్టార్టరే అన్నాడు, కాసేపటికి భోజనమేనన్నాడు. మరి బిల్లు కొట్టే పబ్బువాడు ఎవరి మాట వినాలి?

ఇన్ని లెక్కలు చెప్పిన అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కే, 2020 జూన్ 19న ఆఫీసులో జరిగిన పుట్టినరోజు సంబరానికి జరిమానా పడింది. అదీ 2022లో!