గట్టు మీది బెండ చుట్టాలు

తుత్తురు బెండ కాయను సిరాలో ముంచి నోటుబుక్కు మీద అచ్చు వేసిన పిల్లలకు దాని పేరు చెప్పక్కర్లేదు. చక్రంలా పేర్చిన గింజల అరలు, ఒక్కో అర కొసన చిన్న ముక్కు. దువ్వెన కాయ అనీ, ముద్ర బెండ అనీ పిలిచేవాళ్లున్నారు. పొద్దు వాలాక విచ్చే పసుపు పువ్వు, ముఖమల్‌లాంటి ఆకు. బంజరు, రోడ్డు వార, పాడుబడ్డ గోడ పక్క, ఎవరూ నీళ్లు పోయని చోటల్లా దానిదే.

ఇప్పుడు దానిమీద కలుపు అన్న ముద్ర పడింది. గట్ల మీద తుత్తురు బెండ, వయ్యారిభామ పీకేయమని పత్తి రైతులకు వ్యవసాయాధికారులు చెబుతుంటారు. పిండినల్లి అక్కడే తలదాచుకుంటుంది కాబట్టి ఆ మాట నిజమే. పత్తి కూడా మందార కుటుంబమే మరి, పురుగుకు రెండిళ్లూ ఒకటే. పత్తి చేను గట్టున దాన్ని ఉంచమని నేనూ అనను. నా పేచీ అల్లా అదే కొడవలి చెరువు కట్టకూ, కాలువ గట్టుకూ, పోరంబోకుకూ పాకడంతోనే. జంగిల్ క్లియరెన్స్ అన్నాక తుత్తురు బెండ ఏదో, నల్లరేగడిలో మొలిచే తెల్లపూల అడవి బెండ ఏదో చూసేదెవరు?

చూడాలి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌తో బెండ ఆకుల ఈనెలు పసుపెక్కి, కాయ పాలిపోయి, కోతంతా పశువుల పాలైన తోటలు మనకు కొత్త కాదు. దీన్ని తట్టుకునే గుణం సాగు బెండలో దొరక్క శాస్త్రవేత్తలు అడవి జాతుల దగ్గరికే వెళ్లారు. పర్భణీ క్రాంతి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అనామిక, రెండూ అడవి బెండ జాతులతో సంకరం చేసి తీసిన బెండ రకాలే. ఆ తట్టుకునే శక్తి కూడా తర్వాత చాలాచోట్ల సన్నగిల్లింది. అంటే మళ్లీ వెతకాలి.

విత్తనాలు శీతల గిడ్డంగుల్లో ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కానీ గిడ్డంగిలో విత్తనం దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. గట్టు మీది మొక్క ఏటేటా కొత్త తెగులుతో, కొత్త ఎండతో కుస్తీ పడుతూనే ఉంటుంది.

సముద్రపు వార గంగరావి కథ కాస్త నయం. అదీ ఈ కుటుంబమే. ఉప్పు నేలను ఓర్చుకుంటుంది, నీడా కలపా ఇస్తుంది కనుక జనం దాని జోలికి తొందరగా పోరు. అడవి బెండకు ఆ అదృష్టం లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లోని జీవవైవిధ్య కమిటీలు ఊళ్లోని మొక్కలు, జీవాల వివరాలతో రిజిస్టర్లు రాయాలి. చెరువు కట్ట మీదికి కొడవళ్లు పంపే ముందు ఆ రిజిస్టర్‌లో బెండ చుట్టాలకు ఒక పేజీ ఉందో లేదో సర్పంచి ఒకసారి తిరగేస్తే చాలు.