చెంబుకు ఎన్ని మిల్లీలీటర్లు?

నిన్నటి సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి, గబగబా రాసేస్తున్నాను.

బీఎస్సీ నర్సింగ్ పిల్లలం, గుంటూరు దగ్గర ఒక ఊళ్ళో కమ్యూనిటీ పోస్టింగ్. నా టాపిక్ విరేచనాలు, ఓఆర్ఎస్. రాత్రి రెండింటిదాకా కూర్చుని వేసిన చార్టులో 'నిర్జలీకరణం' అన్న మాట మూడు రంగుల్లో ఉంది. వేపచెట్టు కింద ఒక మామ్మ, ఆవిడ ఒళ్ళో మనవడు, ఇద్దరు కోడళ్ళు, ఒక మేక. ఎదురుగా ఫోను పట్టుకుని మా మేడమ్.

మొదట్లో దున్నేశాను. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తియ్యటి డబ్బాలు అసలు ఓఆర్ఎస్సే కావని, హైదరాబాదులో పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని చెప్పిందని వివరించాను. కోడళ్ళు "అవునా!" అన్నారు. ఆ 'అవునా' నా తలకెక్కింది. అసలు ప్యాకెట్టు పైకెత్తి, "గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5, ఆస్మోలారిటీ 245" అని ఒక్క గుక్కలో అప్పజెప్పాను. మేక కూడా నమలడం ఆపింది.

"అదంతా సరేగానీ అమ్మాయ్, నీళ్ళెన్ని పొయ్యాలి?" అంది మామ్మ.

"లీటరు, మామ్మా."

"లీటరంటే ఈ చెంబుకి ఎంత?"

ఆ చెంబు గురించి కాస్త చెప్పాలి. మా ల్యాబులో గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఉంటుంది, లీటరు గీత దగ్గర ఆపితే పని అయిపోతుంది. ఈ చెంబు మీద గీతల్లేవు. ఎవరో పెళ్ళికి చదివించినప్పుడు చెక్కించిన పేర్లున్నాయి, అడుగున ఒక సొట్ట ఉంది. నడుము దగ్గర లావు, మెడ దగ్గర సన్నం. మెడదాకా కొలవాలా, అంచుదాకానా? సొట్ట పోను ఎంత పడుతుంది? ఇన్ని సెమిస్టర్లలో ఏ పేపర్లోనూ చెంబు రాలేదు. సాయం కోసం మేడమ్ వంక చూశాను. చెంబు మాట వచ్చినప్పటి నుంచి ఆవిడ ఫోనులోంచి తల ఎత్తలేదు. చార్టు వంక చూశాను. ఒక ప్యాకెట్టు, ప్లస్సు, ఒక గ్లాసు. రాత్రి జగ్గు బొమ్మ కుదరక గ్లాసు గీశాను. అంత టెన్షన్‌లో నా చార్టును నేనే నమ్మాను. పక్కనున్న స్టీలు గ్లాసు అందుకుని నీళ్ళు పోసి, ప్యాకెట్టు మొత్తం వంచేశాను.

మామ్మ ఒక గుక్క తాగింది. ముందు కుడికన్ను మూసుకుంది. తర్వాత ఎడమకన్ను. తర్వాత మొహమంతా ముక్కు దగ్గరకు వచ్చి చేరింది.

"ఉప్పుచేపలు కడిగిన నీళ్ళలో పంచదార వేశావా? దీన్నా పసివాడికి పట్టమంటున్నావు?"

అటుగా వచ్చిన ఆశా అక్క గ్లాసు లాక్కుని పారబోసింది. సంచిలోంచి ఖాళీ వాటర్ బాటిల్ తీసి, "ఇదిగో పిన్నీ, ఈ లీటరు సీసా నిండా నీళ్ళు, ప్యాకెట్టు మొత్తం. రేపు ఈపాటికి మిగిలింది పారబొయ్యి" అంది. పది సెకన్లలో అయిపోయింది. ఆస్మోలారిటీ ఊసే లేదు.

నాకు మాత్రం 245 రాస్తే మార్కు వస్తుంది. సీసా అని రాస్తే రాదు. మేడమ్ రికార్డులో 'ప్రజల స్పందన: సంతృప్తికరం' అని నా చేతే రాయించి సంతకం పెట్టారు. ఈ ఉదయం కాలేజీ గ్రూపులో ఫోటో పెట్టారు, 'ఓఆర్ఎస్ ప్రదర్శన విజయవంతం' అని. సరిగ్గా మామ్మ ఒక కన్ను మూసుకున్న క్షణం. అరవై మంది లైకు కొట్టారు.

గురువారం మళ్ళీ అదే వీధి. టాపిక్ చేతుల శుభ్రత. మామ్మ రానని ఇప్పుడే ఆశా అక్కతో కబురు పంపింది.